నట్టు మీద గీత

"నాలుగింటికి అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఈ షెడ్డులో పాకుతారో, దొర్లుతారో మీ ఇష్టం నత్తగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ గోడ గడియారం వంక చూశాడు. మూడు దాటి ఐదు నిమిషాలైంది. నత్త అన్న పేరు అతనికి పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే. ఆ నత్త మూడు కేసుల్లో తనకంటే ముందే దోషి గుమ్మంలో కూర్చుని ఉందన్న సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పుకోడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఈసారి ఆయన పట్టిన కుందేలు, మూలనున్న స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న మాస్టారి కూతురు.

మాస్టారు ముప్పై ఏళ్ళు కుర్రాళ్ళకి లేత్ పని నేర్పి రిటైరైన మనిషి. రిటైరైన మర్నాడే ఇంటి వెనక షెడ్డులో విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు పట్టే చిన్న విమానం. అది పూర్తి కావడానికి పదేళ్ళు పట్టింది. రెక్క షెడ్డులో ఇమడకపోతే మంచం వరండాలోకి పోయింది, రెక్క పడగ్గదిలోకి వచ్చింది. "సవతిని తెచ్చుకున్నా ఇంత చోటు అడిగేది కాదు" అని ఆయన భార్య నవ్వుతూనే దెప్పేది. నట్లు బిగించడం, మీటర్ల పలక వెనక తీగలు కలపడం కూతురి వంతు.

మూడు రోజుల క్రితం పొద్దున్నే ఊరి బయట మైదానంలో, విమానాన్ని నేల మీద ఒకసారి పరిగెత్తించి చూద్దామని మాస్టారు ఎక్కాడు. తేలికపాటి యంత్రం, పరుగు మధ్యలోనే నేల విడిచింది. రెండంతస్తుల ఎత్తు లేచి, ముక్కు కిందికేసి కూలింది. అప్పట్నుంచీ మాస్టారు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. తోక పలకను పైకీ కిందికీ ఆడించే రాడ్ దాని కొక్కెం నుంచి ఊడిపోయి కనిపించింది. దాన్ని పట్టి ఉంచే బోల్టు జారిపోయింది. బోల్టు నట్టు తోక గుల్లలో దొరికింది. ఆ నట్టు బిగించింది కూతురు కాబట్టి, నేరం కూతురిదే అని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. విరిగిన ముక్కలన్నీ తెచ్చి ఈ షెడ్డులోనే పడేసి సీలు వేయించాడు.

డిటెక్టివ్ ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ నట్టు నువ్వే బిగించావా అమ్మా?"

"నేనే బాబాయ్."

"ఎలా బిగిస్తావో చెప్పు."

"కొలత రెంచితో. చాలినంత బిగిసిందంటే టక్కుమంటుంది. నేను తప్పుకున్నాక నాన్న అదే రెంచి పెట్టి మళ్ళీ టక్కుమనిపిస్తారు. అప్పుడు నట్టు మీంచి కింద రేకు మీదికి రంగుతో ఒక గీత గీస్తారు. ఆ తరవాత నట్టు కాస్త తిరిగినా గీత తెగిపోతుంది, చూడగానే తెలుస్తుంది. బిగించిన చెయ్యి గీత గియ్యకూడదు. అది నాన్న పెట్టిన రూలు."

"ఈ నట్టుకి రెండో టక్కు విన్నావా?"

"విన్నాననే అనుకున్నా. మూడు రోజుల్నుంచీ అదే తలుచుకుని తలుచుకుని ఇప్పుడేమీ గుర్తు రావట్లేదు. జైలుకి పంపితే పంపనివ్వండి బాబాయ్. నాన్నని నా చేత్తో నేనే పొట్టన పెట్టుకున్నానా కాదా, అదొక్కటి చెప్పండి."

"ఆసుపత్రికి వెళ్ళావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అమ్మ ఫోన్ చేస్తుంటే తియ్యను కూడా తియ్యట్లేదు."

"అంత మాట అనకు తల్లీ. నేనున్నాను కదా" అంటూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు వెనక నిలబడి ఉన్న కెప్టెన్.

కెప్టెన్ డిటెక్టివ్‌కి తోడబుట్టిన అన్న. ప్రయాణికుల విమానాలు నడిపి, ఆరేళ్ళ క్రితం చాలించుకుని ఇంటికొచ్చాడు. మాస్టారికి ప్రాణస్నేహితుడు. ఈ పిల్లకి నోరు తిరిగిన నాటి నుంచీ పెద్దనాన్న. విమానం మొదటిసారి ఎగిరే రోజున దాన్ని నడిపే భాగ్యం తనదేనని పదేళ్ళుగా మాటిచ్చి ఉన్నాడు. తీరా ఆ పొద్దున నడుం పట్టేసిందని కూర్చుండిపోయాడు, మాస్టారు ఎక్కాడు. తమ్ముడికి కబురు పెట్టి "ఎలాగైనా ఈ పిల్లని బయటపడెయ్యరా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నదీ ఆయనే. తండ్రి పోయాక డిటెక్టివ్‌ని చదివించినవాడు, ఈ వృత్తిలోకి వస్తానంటే చుట్టాలందరూ నవ్వినా నవ్వనివాడు ఆ అన్న ఒక్కడే. ఆయన కంట నీరు చూశాక డిటెక్టివ్ చేతిలో ఉన్న పనులన్నీ వదిలేసి వచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి గాల్లో ఆడించాడు. లోపల నట్టు ఉంది.

"మరలు అరగలేదు. పగలలేదు, చిట్లలేదు. వదులుగా ఉంది కాబట్టి ఊడింది. వదులుగా ఎందుకుంది? బిగించినవాళ్ళు సరిగ్గా బిగించలేదు కాబట్టి. దీనికి భూతద్దాలెందుకండీ?"

"కాస్త ఆగండి ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నాడు కెప్టెన్, సంచి దగ్గరికి వంగి. "మాస్టారి పసుపు గీత ఎంత చక్కగా కనపడుతోందో చూడండి. ఆయన పరీక్షించాకే కదా గీసింది! పిల్ల తప్పేముంది ఇందులో?"

"మీరు స్నేహితులు, అలాగే అంటారు."

"ఒకసారి ఇలా ఇవ్వండి" అని డిటెక్టివ్ సంచి అందుకుని షెడ్డు నడిమధ్యకి వెళ్ళాడు. షెడ్డు కప్పు సగం అద్దాలతో వేసింది. ఎండ సూటిగా నట్టు మీద పడింది. గీత ఉన్నమాట నిజమే కానీ అది పసుపు కాదు, లేత చిలకపచ్చ. అన్నయ్య అరవై దాటినవాడు, పైగా ప్లాస్టిక్ సంచి మెరుపొకటి అని సరిపెట్టుకున్నాడు డిటెక్టివ్.

"అమ్మా, నట్ల మీద గీతకి ఏ రంగు వాడతారు?"

"పసుపు. అన్నిటికీ అదే."

"చిలకపచ్చ?"

"అది తీగలకి. మీటర్ల వెనక తీగ కలిపినప్పుడల్లా నేను చుక్క పెడతాను. నట్లకి ఎప్పుడూ వాడం." ఆమె పనిబల్ల వైపు చూపించింది. మూత లోపలే కుంచె ఉన్న చిన్న గాజు సీసాలు రెండున్నాయి. ఒకే సైజు, ఒకే మూత, మీద చీటీ లేదు. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో చిలకపచ్చ.

డిటెక్టివ్ సంచి ఆమె చేతికిచ్చాడు. ఆమె వెలుగులోకి వచ్చి చూసింది. చూస్తూనే నిటారుగా నిలబడింది.

"ఇది నాన్న గీసింది కాదు బాబాయ్."

డిటెక్టివ్ చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా విరిగిన తోక కింద వెల్లకిలా పడుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ముసిముసిగా నవ్వాడు. తోక గుల్లకి అడుగున అరచేయి పట్టేంత కంత ఉంది. నట్లన్నీ అందులోంచే చూడాలి. డిటెక్టివ్ చేతి అద్దం లోపలికి పెట్టి, భూతద్దంతో బోల్టు కూర్చునే రేకుని వెతికాడు. నట్టు ఆనిన గుండ్రటి మచ్చ పక్కన పాత పసుపు గీత చివరి ముక్క మిగిలి ఉంది. దాని కొస తెగి పెచ్చులూడింది. ఆ పెచ్చుల మీదుగా, వాటి పగుళ్ళలోకి దిగి, చిలకపచ్చ రంగు పారింది.

అతను లేచి వీపు దులుపుకున్నాడు.

"అమ్మాయి బిగించింది. మాస్టారు సరిచూసి పసుపు గీత గీశారు. ఆ తరవాత ఎవరో నట్టు విప్పారు, గీత తెగింది, నట్టు మీది పసుపు రెంచి రాపిడికి రాలిపోయింది. నట్టుని వేళ్ళతో నాలుగు చుట్లు తిప్పి వదిలేసి, తెగిన గీత మీద కొత్త గీత గీశారు. కాకపోతే వేరే సీసా తీశారు. కావాలంటే మీరూ పడుకుని చూడండి. యూనిఫాం మాసినా పర్వాలేదు, ఉతుక్కుంటే పోతుంది."

ఇన్‌స్పెక్టర్ పడుకోలేదు కానీ నవ్వు మానేశాడు.

"ఎగిరే ముందు అన్ని గీతలూ చూసుకున్నాడటగా మీ మాస్టారు! ఈ రంగు తేడా ఆయనకి కనపడలేదా?"

"తెల్లవారకముందు చూశారు. దేంతో చూశారు?"

అమ్మాయి బల్ల సొరుగులోంచి పాత టార్చి తీసింది. బల్బు వెలుగు నీరసంగా, పసుపుగా ఉంది. డిటెక్టివ్ నట్టుని బల్ల కింద చీకట్లో పెట్టి టార్చి వేశాడు. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. ఆ వెలుగులో చిలకపచ్చ గీత అచ్చంగా పసుపు గీతలా ఉంది. మాస్టారు గీత తెగలేదని చూసుకున్నాడు, నట్టుని ముట్టుకోలేదు. తాను పెట్టిన రూలు మీద ఆయనకి అంత నమ్మకం.

"దొరికారు!" అని ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. "చూసినాయనే పొరబడితే గీసినవాళ్ళూ టార్చి వెలుగులోనే పొరబడి ఉంటారు. అంటే గీసింది రాత్రి. రాత్రి ఈ ఇంట్లో ఉన్నదెవరు? తల్లీ తండ్రీ కూతురూ. ఇప్పటిదాకా అజాగ్రత్త అనుకున్నా, ఇది హత్యాప్రయత్నం! చాలా థాంక్సండీ నత్తగారూ, నా కేసు మీరే బలపరిచారు."

అమ్మాయి తలెత్తి డిటెక్టివ్ వంక చూసింది.

"రాత్రో పగలో మనం తేల్చొద్దు. తేల్చేవాడు ఒకడున్నాడు" అని డిటెక్టివ్ కిటికీ తీసి, గోడవతల కుర్చీలో కూర్చున్న పక్కింటి పెద్దమనిషిని పిలిచాడు. ఈ షెడ్డు చప్పుళ్ళ మీద స్టేషన్‌లో ఫిర్యాదులిచ్చి ఇచ్చి అలిసిపోయిన మనిషాయన.

"విమానం కూలిన ముందు రోజు సాయంత్రం ఇక్కడేం చప్పుళ్ళు విన్నారండీ?"

"వినక చస్తానా? నాలుగింటిదాకా టక్కు టక్కు. ఐదింటికి తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ మైదానంలో రాళ్ళేరాలంటూ వెళ్ళారు. హమ్మయ్య అని నడుం వాల్చానో లేదో, ఐదున్నరకి షట్టర్ లేచింది. మళ్ళీ మొదలెట్టార్రా దేవుడా అని లేచి కూర్చున్నా. సుత్తి లేదు, రంపం లేదు! ఆరింటికి షట్టర్ పడింది. పదేళ్ళలో ఈ షెడ్డులో నిశ్శబ్దంగా జరిగిన పని అదొక్కటే."

"తాళం పగలగొట్టిన చప్పుడు?"

"అబ్బే, తాళంచెవితోనే తీశారు. నిదానంగా."

"ఎవరో చూశారా?"

"నాకెందుకండీ! కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

డిటెక్టివ్ కిటికీ మూసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "మైదానం కాపలావాడి వాంగ్మూలం తీసుకుంది మీరే. ముగ్గురూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నారని అతను చెప్పాడా లేదా?"

"చెప్పాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆ మాటేదో ఎవరో మెడ పట్టి అనిపిస్తున్నట్టు.

"అయితే ఐదున్నరకి ఇక్కడున్నది వీళ్ళు కాదు. ఆ వేళప్పుడు బయట ఎండ. ఈ అద్దాల కప్పు కింద ఎండుటాకు ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. టార్చితో పని లేదు."

"మరైతే ఎవరు?"

"అది చెప్పడానికే కాస్త టైమడుగుతున్నా."

"నాలుగింటికి ఎవరో ఒకరు జీపెక్కాలి. కుదరదంటే ఈ అమ్మాయే" అని ఇన్‌స్పెక్టర్ విసురుగా బయటికి నడిచాడు. షట్టర్ ధడాలున కిందికి దిగింది. పక్కింట్లోంచి పెద్దగా దగ్గు వినిపించింది.

అమ్మాయి తోక దగ్గర చతికిలబడి, అద్దం లోపలికి పెట్టి ఆ పసుపు ముక్కనే చూసుకుంటోంది. రెండో టక్కు ఆమె విన్నమాట నిజమేనని చెప్పే సాక్ష్యం అదొక్కటే. కెప్టెన్ బల్ల పక్కన కుర్చీలో వాలి నుదురు తుడుచుకుంటున్నాడు.

"భలే పట్టావురా. ఇక పిల్లకి భయం లేదు కదా?"

డిటెక్టివ్ షట్టర్ తాళం వైపు చూశాడు. షెడ్డుకి మూడే తాళంచెవులు. ఒకటి మాస్టారి దగ్గర, ఒకటి కూతురి దగ్గర. కష్టసుఖాలకి ఉంటుందని మూడోది కెప్టెన్‌కిచ్చారు. పట్టపగటి వెలుగులో చిలకపచ్చని పసుపు అనుకున్న మనిషి ఆ సాయంత్రం ఒకడున్నాడు. ఇందాక, ఇదే వెలుగులో, నట్టు మీద పసుపు గీత చక్కగా ఉందన్న మనిషీ ఒకడున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకోవడం చాతకాక కాదు, పట్టుకోబుద్ధి కాక పట్టడేమో అనిపించింది అతనికి. ప్లాస్టిక్ సంచి మెరుపేమో, నేనే పొరబడ్డానేమో అని ఆఖరిసారి ఆశపడ్డాడు.

"అన్నయ్యా, ఆ పసుపు సీసా ఇలా అందుకో."

కెప్టెన్ చెయ్యి చాచాడు. రెండు సీసాల మీదా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఒకటి తీసి తమ్ముడి అరచేతిలో పెట్టాడు.

అది చిలకపచ్చ సీసా. డిటెక్టివ్ ఎన్నో కేసుల్లో ఇలాంటి క్షణానికి లోలోపల పొంగిపోయేవాడు. ఈసారి సీసాని నేలకేసి కొట్టాలనిపించింది.

"రంగులు తెలీకుండా పోయి ఎన్నాళ్ళయింది?"

"ఏమన్నావు?"

"నేను అడిగింది పసుపు. నువ్విచ్చింది చిలకపచ్చ. ఎన్నాళ్ళయింది అన్నయ్యా?"

కెప్టెన్ తమ్ముడి మొహంలోకి చూశాడు. అబద్ధానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఆరేళ్ళు" అన్నాడు చివరికి. "కంటి లోపల ఏదో పొర పాడయిందన్నారు. లైసెన్సు తీసేశారు. నేనే చాలించుకున్నానని అందరికీ చెప్పుకున్నా. మీ వదినకీ అదే చెప్పా, నీకూ అదే చెప్పా. దండలేసి దింపినట్టు చెప్పుకున్నాను రా. గెంటేశారని ఎలా చెప్పుకోను?"

"మాస్టారికి మాటెందుకిచ్చావు మరి?"

"ఇచ్చినప్పుడు కళ్ళున్నాయి. పోయాక, ఎప్పటికి పూర్తవుతుందిలే ఇంట్లో కట్టే విమానం అనుకున్నా. పూర్తయింది. మొదటిసారి ఎగిరేవాడు లైసెన్సు చూపించాలి. ఏం చూపించను?"

"అందుకని నట్టు విప్పావు."

"చంపాలని కాదురా! పొద్దున ఇంజను వేసి చూస్తారు కదా, ఆ అదురుకి నేల మీదే ఊడిపోతుందనుకున్నా. కట్టడంలోనే లోపముందని భయపడి మాస్టారు మళ్ళీ అంతా విప్పుకుంటాడు, ఇంకో ఏడాది గడుస్తుంది అనుకున్నా. గీత తెగి కనిపిస్తే అక్కడికక్కడే బిగించేస్తాడని మళ్ళీ గీశాను. ఊడలేదు. నడుం నొప్పి అన్నాను, వాయిదా వేస్తాడని. 'మీరు కూర్చోండి, నేల మీదే పరిగెత్తించి చూస్తా' అని ఎక్కి కూర్చున్నాడు."

"అప్పుడైనా ఒక్క మాట. ఆగు అని ఒక్క మాట."

కెప్టెన్ తల దించుకున్నాడు. "నేల మీదే కదా అనుకున్నా."

"ఆ తరవాత మూడు రోజులు? ఈ పిల్ల నేనే చంపానని కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే భుజం తట్టావు. నన్ను పిలిచావు. నన్నెందుకు పిలిచావు?"

"పిల్ల అడిగింది. వద్దంటే అనుమానం వస్తుంది." ఆయన గొంతు దిగిపోయింది. "నువ్వైతే పిల్లని బయటపడేస్తావు, ఎక్కడ ఆగాలో కూడా నీకు తెలుస్తుంది అనుకున్నా. నా తమ్ముడివి కదా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటుండేది. ఆ మాట ఇంత చేదుగా ఉంటుందని డిటెక్టివ్‌కి ఇవాళే తెలిసింది. తనకి అన్నం పెట్టిన చెయ్యి, తన తెలివిని అడ్డుగా వాడుకుంది. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఎవరి తరఫున సిగ్గుపడుతున్నాడో అతనికే అర్థం కాలేదు.

"పెద్దనాన్నా."

ఇద్దరూ తిరిగి చూశారు. అమ్మాయి తోక పక్కన లేచి నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో అడగాల్సిన అవసరం లేదు.

"నాన్న ఇంజను వేసినప్పుడు మీరు నడుం నొప్పంటూనే లేచొచ్చి రెక్క పట్టుకున్నారు. నేను ఇటు, మీరు అటు. ఇక వదలండి అని నేను అరిచాకే మీరు వదిలారు." ఆమె ఏడవడం లేదు. "ఆ నట్టు సంగతి తెలిసే వదిలారా?"

కెప్టెన్ చెయ్యి ముందుకు చాపబోతే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

షట్టర్ లేచింది. ఇన్‌స్పెక్టర్ వాచీ చూపిస్తూ లోపలికొచ్చాడు. "నాలుగైంది. ఏం నత్తగారూ, దోషి దొరికాడా?"

డిటెక్టివ్ సీసా మూత గట్టిగా బిగించాడు. ఇన్‌స్పెక్టర్ అతని చేతిలోని సీసాని, కెప్టెన్ మొహాన్ని, మళ్ళీ డిటెక్టివ్‌ని చూశాడు. నాలుక చివరిదాకా వచ్చిన ఎకసెక్కం ఏదో ఆయన మింగేశాడు.

"మీ అన్నగారా?" అన్నాడు మెల్లగా.

"తీసుకెళ్ళండి" అన్నాడు డిటెక్టివ్. "తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. నా ముందు ఒప్పుకున్నాడు. కోర్టులో సాక్ష్యం నేనే చెప్తాను."

కెప్టెన్ కుర్చీలోంచి లేవబోతుండగా అమ్మాయి ఫోన్ మోగింది. ఆమె తెర మీద పేరు చూసింది. మూడు రోజుల తరవాత మొదటిసారి తీసి చెవికి పెట్టుకుంది. తల్లి గొంతు ఎంత గట్టిగా ఉందంటే షెడ్డులో అందరికీ వినపడింది.

"నాన్న కళ్ళు తెరిచారే! మాట్లాడుతున్నారు! కెప్టెన్ గారేరీ అని ఒకటే గోల. పాపం ఆయనకి నడుం నొప్పి తగ్గిందా, ఎవరైనా మందు రాశారా అంటున్నారు. ఆయన పక్కనుంటే ధైర్యంగా ఉంటుందట. ఆయన్ని వెంటబెట్టుకుని త్వరగా రావే!"

కెప్టెన్ సగం లేచినవాడు మళ్ళీ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అమ్మాయి ఆయన వంక చూడలేదు.

"ఆయన రారమ్మా" అంది. "నేనొస్తున్నా."